ఎడమ చేతి దారాలు

కంచంలో అన్నం పెట్టాక మాణిక్యాంబ కూతురి ఎడమ చేతి మీద తన అరచెయ్యి ఆనించి కూర్చునేది. నొక్కేది కాదు, ఊరికే ఆనించేది. అక్షర కుడిచేత్తో కలుపుకుని తినేది. పెన్సిలూ అంతే. తల్లి చూపు పడగానే ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మారిపోయేది. పెళ్లి బంతిలో ఎడంచేత్తో తినే పిల్లని చూసి నలుగురూ ఏమంటారోనన్నది మాణిక్యాంబ దిగులు.

2008లో, అక్షర రెండో తరగతి చదువుతుండగా, పొద్దుటిపూట తలనొప్పులు, వాంతులు మొదలయ్యాయి. మెదడులో కుడివైపు గడ్డ ఉందన్నారు. భర్త భీమశంకరం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆఫీసుకు సెలవు పెట్టి ఇద్దరినీ ఢిల్లీ పొలిమేరలోని వైశాలి నుంచి ఢిల్లీ ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లాడు. పిల్లది ఏ చేతి వాటమని సర్జను అడిగాడు. కుడి అని మాణిక్యాంబ అలవాటుగా చెప్పేసింది.

మెదడులో నరాల దారులు ఎటు పోతున్నాయో చూపించే స్కానింగు చేయించారు. మంగళసూత్రాలు, గాజులు తీసి భర్త చేతికిచ్చి మాణిక్యాంబ కూడా లోపలికి వెళ్లింది. గొట్టంలోకి పోయిన పిల్ల పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. మిషను దడదడల మధ్య వాటిని పట్టుకుని నిలబడింది.

మర్నాడు సర్జను తెర మీద బొమ్మ చూపించాడు. రంగురంగుల దారాల చిక్కు, మధ్యలో గడ్డ. దాన్ని ఒరుసుకుంటూ పోతున్న నీలం దారాలు ఎడమ చేతివట. గడ్డ మొత్తం తీస్తే అవి దెబ్బతిని ఆ చెయ్యి పడిపోవచ్చు. ఆ పక్కన కొంచెం వదిలేస్తే చెయ్యి దక్కుతుంది, గడ్డ మళ్లీ పెరగొచ్చు. కుడిచేతి వాటం పిల్ల కాబట్టి మొత్తం తీసెయ్యడమే మేలన్నాడు, హిందీలో.

మాణిక్యాంబ నోరు తెరవబోయింది. భీమశంకరం తెర మీంచి చూపు తిప్పకుండా తెలుగులో అన్నాడు.

"ఊరుకో. మొత్తం తీసెయ్యనీ. ఎలాగూ కుడిచేతి పిల్లని చేశావుగా."

నిజం చెబితే గడ్డ మిగులుతుంది. చెప్పకపోతే చెయ్యి పోతుంది.

తల్లి పక్కన కూర్చున్న పిల్లకి విసుగనిపిస్తోందని సర్జను కాగితం, పెన్ను ఇచ్చాడు. అక్షర ఎడమ చేత్తో అందుకుంది. తల్లి చూస్తోందని గమనించి గబుక్కున చెయ్యి మార్చి, వంకర గీత ఒకటి గీసింది.

మాణిక్యాంబ లేచింది. ఆ పెన్ను తీసి పిల్ల ఎడమ చేతిలో పెట్టింది.

"దీంతోనే వేసుకో అమ్మా."

"సచ్ మే?" నిజంగానా అని అడిగింది అక్షర, నాన్న వైపు చూస్తూ. ఆయన తల దించుకున్నాడు.

అక్షర పొలుసులతో సహా చేప బొమ్మ వేసింది. సర్జను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు మాణిక్యాంబ తనకొచ్చిన హిందీలో ఉన్నదంతా చెప్పింది.

ఆపరేషన్‌లో నీలం దారాల పక్కన గడ్డ కాస్త వదిలేశారు. దాని గురించి భీమశంకరం భార్యను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. వేరే మాటలూ చాలాకాలం తక్కువే.

అక్షర ఇప్పుడు నోయిడాలో ఉద్యోగం చేస్తోంది, ఎడమ చేత్తోనే తింటుంది. ఏటా స్కానింగుకు మాణిక్యాంబ తోడు వెళుతుంది. ఆ గడ్డ ముక్క ఇంకా అక్కడే ఉంది.