నేను దాచిన దద్దుర్లు

సహోదరులారా, నా ఒళ్లే నాకు విరోధి అయిన దినాలు నేను చూశాను. మాది పెద్దపల్లి, నా పేరు సునీత, నా భర్త ప్రభాకర్ జీపు నడుపుతాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో పిల్లల కోసం చికిత్స చేయించుకున్నాము, ల్యాబులో తయారుచేసిన పిండాల్లో మాకు నిలిచింది ఒక్కటే, దాన్ని నా గర్భంలో ఉంచి, రోజూ నూనెలో కలిపిన హార్మోన్ సూది నడుముకు వేయించుకోవాలని, ఒక్కరోజు కూడా తప్పొద్దని చెప్పి పంపారు. మా సంఘంలోని నర్సు రూతమ్మక్క ఇంటికి వచ్చి వేసేది. రక్తపరీక్షలో గర్భం నిలిచిందని తెలిసిన నాడు మేమిద్దరం మోకాళ్ల మీద పడి ఏడ్చాము.

నాలుగు రోజులకు దురద మొదలైంది. సూది వేసిన చోట వేడిగా, గట్టిగా గడ్డలు కట్టి, తర్వాత పొట్ట మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. మూడు వారాలుగా పడిన సూదే ఇప్పుడు పడడం లేదని మొదట నాకు తోచలేదు, తోచాక నోరు కట్టేసుకున్నాను, ఎందుకంటే చెబితే సూది ఆపుతారు, ఆపితే బిడ్డ పోతుంది, నాకు తెలిసింది అంతే. నిండు చేతుల జాకెట్లు వేసుకున్నాను, రూతమ్మక్కకు గడ్డ లేని చోటే చూపించాను. "ప్రభువా, ఈ మంట నేను ఓర్చుకుంటా, ఎవ్వరి కంట పడనియ్యకు, సూది మాత్రం ఆగనియ్యకు" అని ప్రార్థించాను. ఆ ప్రార్థన దేవుడు వినలేదు, ఆయనకే స్తోత్రం.

ఆదివారం ఆరాధనకు వచ్చేసరికి నా కళ్లు, పెదవులు ఉబ్బాయి. రూతమ్మక్క నన్ను పక్కకు తీసుకుపోయి జాకెట్ చేయి పైకి లాగింది.

"గివేంది సునీతా? ఎన్ని రోజుల సంది?"

"ఆరు రోజులాయె అక్కా. డాక్టరమ్మకు చెప్పకు, సూది బంద్ చేస్తది."

"నీ పానం పోతే లోపలి పానం ఉంటదా?" అని ఆమె నా భర్తను పిలిచింది. ఆయన నా చేతులు చూశాడు. "పిల్లలు కాకుంటే కాకపాయె. నాకు నువ్వుండాలె. లే, పోదాం" అన్నాడు.

కరీంనగర్ దాకా జీపులో నేను పొట్ట మీది చెయ్యి తీయలేదు. డాక్టరమ్మ దద్దుర్లు చూసి, "కొందరికి మొదట ఏం గాదు, రోజులు గడిచినంక ఒళ్లు ఎదురు తిరుగుతది. సూదిల ఉన్నది నువ్వుల నూనె. నూనెకా, మందుకా గిప్పుడే చెప్పలేను. సూది బంద్ చేసి, గదే మందు లోపల పెట్టుకునే గోళీలు ఇస్త" అంది. సకినాలు, నువ్వుల ముద్దలు తిని పెరిగినదాన్ని, నువ్వుల నూనె నాకు పడదంటే నమ్మబుద్ధి కాలేదు.

"మందుకే అయితే?" అని అడిగాను.

"రోజూ ఫోన్ చెయ్" అంది.

ఆ పది రోజులు ఎలా గడిపానో నా దేవునికే తెలుసు. పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడి కొత్త దద్దు లేచిందా అని వెతుక్కునేదాన్ని, స్నానాల గదికి వెళ్లిన ప్రతిసారీ రక్తం కనబడుతుందేమోనని బట్టలు చూసుకునేదాన్ని, ప్రార్థనకు కూర్చుంటే మాటలు వచ్చేవి కావు. చివరికి ఒక్కటే అన్నాను: "తండ్రీ, ఇక ఏదీ దాచను. ఏమైనా గానీ, నా చెయ్యి విడువకు."

దద్దుర్లు మెల్లగా తగ్గిపోయాయి, కొత్తవి రాలేదు. అయినా స్కానింగు నాడు నేను కళ్లు మూసుకునే పడుకున్నాను. డాక్టరమ్మ నా భుజం తట్టి, "చూడు, బిడ్డ గుండె కొట్టుకుంటున్నది" అంది. అప్పుడు కళ్లు తెరిచాను.

అదిగో, మా అత్తమ్మ ఒళ్లో నిద్రపోతున్నది ఆ బిడ్డే, పది నెలలు. దేవునికే మహిమ కలుగును గాక. విశ్వాసం ఉంటే నొప్పి దాచుకోవాలని నేను అనుకున్నాను, ఆయన నర్సు కళ్లతో చూశాడు, డాక్టరు నోటితో మాట్లాడాడు. ఇక్కడ కూర్చున్న అక్కలారా, చెల్లెళ్లారా, మీలో ఎవరైనా ఒంట్లో బాధ కొంగు కింద దాచుకుని వచ్చి ఉంటే, ఆయనను నమ్మండి, ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. కలిసి ప్రార్థన చేద్దాం, తర్వాత ఆసుపత్రికి మీ వెంట నేనే వస్తాను.