దేనికో చెప్పని తాంబూలం

బాగలూరు పక్కన గులాబీల కంపెనీలో వరదప్ప సూపర్‌వైజరు. మంచివాడే. మంచితనంతో కూడా గొంతు కోయొచ్చునని తొంభై ఏడులో అక్కడ పనిచేసే మాకు చూపించాడు.

కంపెనీలో సగం వాటా హాలండు వాళ్లది. పురుగుమందు కొట్టిన కొమ్మలు తగిలి, పూలు కోసే కాళమ్మ చేతులు పగిలి రసి కారుతున్నాయి. ఆమెను మాన్పించాలని మేనేజరు ఆలోచన. హాలండు నుంచి వచ్చిన దొర ఇక్కడా తమ దేశపు పద్ధతే పాటించాలన్నాడు. పనిలోంచి తీసేయాలంటే సర్కారు ఆఫీసులో అనుమతి తెచ్చుకోవాలి, లేదా జడ్జి దగ్గరికి పోవాలి, లేదా ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు చేయాలి. జబ్బు మనిషికి మొదటి దారి పనికిరాదు. రెండోది ఎటు తిరుగుతుందో తెలియదు. మూడోది సులువే గాని, దేనికి ఒప్పుకుంటున్నదీ ఆ మనిషికి స్పష్టంగా తెలిసుండాలి.

మేనేజరు మూడో దారి పట్టి, ఒప్పించే పని వరదప్ప నెత్తిన పెట్టాడు. కాదంటే తన ఉద్యోగానికే ఎసరని వరదప్పకు భయం.

పళ్లెంలో ఆకులు, వక్కలు, టెంకాయ పెట్టుకుని కాళమ్మ ఇంటికి పోయాడు. మా వైపు తాంబూలం పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే, ఆ తర్వాత వెనక్కి తగ్గితే పరువు పోయినట్టే. అప్పుడు వరదప్ప మత్తిగిరిలో ఇల్లు కడుతున్నాడు.

“గృహప్రవేశమా అన్నా? మంచిదప్పా!” అంటూ కాళమ్మ ఆ చేతులతోనే తాంబూలం అందుకుని కళ్లకద్దుకుంది.

వరదప్ప అవుననలేదు, కాదనలేదు. జేబులోంచి కాగితం తీశాడు.

“కంపెనీవాళ్లు నిన్ను పని చాలించమంటా ఉండారమ్మా. తాంబూలం తీసుకుంటివి కదా, వేలిముద్ర వెయ్యి.”

ఆమె పళ్లెం వైపు చూసింది. “తీసుకున్నాను కదన్నా,” అని వేలు చాపింది. పగుళ్ల వల్ల ముద్ర సరిగా పడలేదు. మళ్లీ వేయించాడు.

ఆమె తిట్టి ఉంటే బతికిపోయేవాడు. ఆ చేతులు అతన్ని వదల్లేదు. ఏ పెళ్లిలో ఎవరు తాంబూలం చాపినా పళ్లెం కింద ఆ పగుళ్లే కనిపించేవి. ఆ వేళకు చెప్పులు వెతుక్కుని జారుకునేవాడు. “అప్పులవాడెవడో వచ్చినట్టుండాడే!” అని మేము ఎగతాళి చేసేవాళ్లం. నిద్రలో చేతులు దాచుకుంటాడని అతని భార్య మునెమ్మ చాలా ఏళ్లకు చెప్పింది.

రెండువేల ఆరులో కూతురు ఐశ్వర్య నిశ్చితార్థం. సంగతి తెలియని మునెమ్మ పాత కంపెనీ ఆడవాళ్లందరినీ పిలిచింది. కాళమ్మా వచ్చింది. భోంచేసి, పిల్లను దీవించి బయల్దేరింది. మునెమ్మ పళ్లెం తెచ్చి మొగుడి చేతిలో పెట్టి, “నువ్వే ఇయ్యి, నీకాడ పని చేసిన మనిషి,” అంది.

కాళమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

“దేనికో చెప్పి ఇయ్యి అన్నా.”

గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. ‘మా పాప నిశ్చితార్థానికమ్మా’ అంటే చాలు. వరదప్ప నోరు తెరిచాడు గాని ఆ మాట రాలేదు. వెనక ఆడవాళ్లు తాంబూలం కోసం కాచుకుని ఉన్నారు.

కాళమ్మ ఉత్త చేతులతో మెట్లు దిగిపోయింది.