ఓపెన్ ఇంటరు మీద లా సీటు

నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు నన్ను కన్న మా అవ్వకు పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది. మా బాపు బొగ్గుబాయిల పనిచేసేటోడు. సెంటినరీ కాలనీల కంపెనీ క్వార్టర్ల ఉండేటోళ్లం. బాపుకు వారం వారం షిఫ్టు మారుతది, ఇద్దరు తమ్ముళ్లు చిన్నోళ్లు. అవ్వకు స్నానం చేపియ్యాలె, అన్నం తినిపియ్యాలె, దవాఖానకు తీస్కపోవాలె. బడి మానెయ్యమని నాకు ఎవ్వరూ చెప్పలె. ఒకరోజు పొద్దున నేనే పుస్తకాల సంచి తీసి అల్మారి మీద పెట్టిన. పెడుతుంటే బాపు చూసిండు. ఏమీ అనలె. తర్వాత నన్ను తిట్టినోళ్ల మీద కోపం ఎప్పుడో పోయింది గాని, ఆయన ఆ రోజు ఏమీ అనకపోయిన దాని మీద కోపం ఇప్పటికీ పోలె.

అవ్వ పదకొండేండ్లు మంచం మీద ఉండి చనిపోయింది. తమ్ముళ్లు చదువుకొని కొలువులల్ల పడ్డరు. బాపు రిటైరయి క్వార్టరు ఖాళీ చేసిండు. నేను పెండ్లయి గోదావరిఖనికి వచ్చిన. మా ఆయన ఓపెన్‌కాస్టు గనిల టిప్పరు నడుపుతడు. బిడ్డ పుట్టి బడికి పోవుడు మొదలైనంక, దాని హోంవర్కు పుస్తకాలు అది పండుకున్నంక నేను తిరగేసేదాన్ని. అది అసూయ అని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆ ఏడే ఓపెన్ స్కూల్ల పదో తరగతికి పేరు రాపిచ్చుకున్న.

ఆదివారం ఆదివారం సర్కారు బడిల క్లాసులు. రామగుండం ఎండ తెలిసినోళ్లకు ఆ రేకుల గది సంగతి చెప్పనక్కర లేదు. నాతోని ఒక సెక్యూరిటీ గార్డు, ఇద్దరు ఆయాలు, ఒక ఆటో డ్రైవరు. చెప్పే సారు మొదటి రోజే అన్నడు, "మీకు పాసైతే సాలు గదా" అని. నేను లేచి, "పాసైతే సాలదు సార్, నాకు లెక్కలు రావాలె" అన్న. అందరు నవ్విన్రు. సారు నవ్వలె. ఆ తర్వాత నాకు లెక్కలు చెప్పినంత ఓపికగ ఆయన ఇంకెవరికీ చెప్పలె.

పది పాసైన. రెండేండ్లకు ఇంటరు పాసైన. మార్కుల మెమో పట్టుకొని చుట్టాలింటికి పోతే ఒకటే మాట: "ఓపెనా? చూసి రాసిన్రా?" తొమ్మిదో తరగతిల ఆగిపోయినప్పుడు అయ్యో అన్న నోళ్లే ఇవి. చదువు ఆగితే జాలి, మల్ల మొదలుపెడితే అనుమానం. మొదట్ల సంజాయిషీ చెప్పుకునేదాన్ని. తర్వాత, "కూసోండి, ప్రశ్న అడుగుండ్రి, చెప్త" అనుడు మొదలుపెట్టిన. ఒక్కరు గూడ అడగలె.

ఇంటరు చదువుతున్నప్పుడే కోర్టు ముందటి జిరాక్సు షాపుల టైపు పనికి కుదిరిన. వకీళ్లు చేతితో రాసిచ్చిన పిటిషన్లు కంప్యూటర్ల కొట్టియ్యాలె. మా షాపుకు ఎక్కువగ వచ్చేటాయన మంథని నుంచి వచ్చే ఒక పెద్ద వకీలు సారు. తాతల కాలం నుంచి చదువున్న ఇల్లు. కాగితం మీద ఒక్క కామా తప్పు పోయినా ఊకోడు.

ఒకనాడు ఆయన పిటిషను టైపు చేస్తుంటే ఆ కేసు ఆమె నా పక్కన వచ్చి నిలబడ్డది. భర్త చనిపోయిండు, వారసుల సర్టిఫికెట్ కోసం కోర్టుకు వచ్చింది. "బిడ్డా, గిందుల ఏం రాసిన్రు? నాకెవ్వరు చెప్తలేరు" అన్నది. ఇంగ్లీషుల ఉన్నదాన్ని ఒక్కొక్క ముక్క తెలుగుల చెప్పిన. పిల్లల పేర్ల కాడికి వచ్చేసరికి ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "ముగ్గురు గద బిడ్డా! పెద్దబిడ్డ పేరు లేదేంది?" పెండ్లయి పోయిన బిడ్డ పేరు రాయనే లేదు.

నేను పోయి సారుకు చెప్పిన. ఆయన మొఖం ఎర్రగైంది. "టైపు చేసుడు నీ పని. చదివి చెప్పుడు నా పని. నువ్వేమన్న వకీలువా?"

"కాదు సార్. కానీ పేరు లేదు సార్."

ఆయన కాగితం గుంజుకొని చూసిండు, పెన్నుతోని మూడో పేరు రాసిండు, నాకిచ్చి పోయిండు. ఆమె మాత్రం పోతూ పోతూ నా తల మీద చెయ్యి పెట్టింది. నేను ఆ రోజు ఇంటికి పోయి మా ఆయనకు చెప్పిన, లా ప్రవేశ పరీక్ష రాస్త అని. ఆయన అన్నం కలుపుకుంట, "అయిదేండ్లా?" అన్నడు. "అయిదేండ్లే." "నువ్వు రాయకున్నా ఆ అయిదేండ్లు పోనే పోతయి. రాయి" అన్నడు. మా ఆయన మాట్లాడేది తక్కువ. మాట్లాడితే గిట్ల మాట్లాడుతడు.

రాసిన. ర్యాంకు వచ్చింది. వరంగల్‌ల ఒక ప్రైవేటు కాలేజిల అయిదేండ్ల కోర్సుల సీటు వచ్చినట్టు ఫోనుకు మెసేజి వచ్చింది. అసలు సర్టిఫికెట్లు పట్టుకొని మూడు రోజులల్ల పోయి చేరాలె. మొదటి రోజే పొద్దుగాల రైలెక్కి కాజీపేటల దిగి పోయిన.

కాగితాలు చూసే బల్ల కాడ ఒక మేడం కూసున్నది. నా ముందు ఒక అమ్మాయి ఉండె. మేడం ఆమె మెమో చూసి, ఓపెన్ అని వాపసిచ్చింది. ఆ అమ్మాయి కండ్లు తుడుచుకుంట పోయింది. నా వంతు వచ్చింది. మేడం ఇంటరు మెమో మీద పైవరుస చదివింది, అంతే. "ఓపెన్. ఓపెన్ వాళ్లకు లాలో అడ్మిషన్ లేదు. తర్వాత ఎవరు?"

"మేడం, నాకు సీటు అలాటయింది గద?"

"అది కంప్యూటర్ ఇస్తుందమ్మా. రూలు ఒప్పుకోదు."

"ఆ రూలు ఏది మేడం?"

"లైన్లో వాళ్లున్నారు, పక్కకు జరుగు."

జరిగిన. ఇప్పటికీ ఆ జరుగుడు యాదికొస్తే నా మీద నాకే కోపమొస్తది.

బయట బెంచి మీద ఒకాయన ఫైలు ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. నలభై దాటినట్టున్నయి. గోర్ల సందుల్ల నల్లగ మిగిలిన బొగ్గు చూస్తే ఎక్కడోడో తెలుస్తది. "నిన్ను గూడ పంపిన్రా చెల్లె?" అన్నడు. గోలేటి ఊరాయన, బొగ్గుబాయిల పని. ఏడో తరగతి దాక చదివిండంట. తర్వాత అర్హత పరీక్ష ఒకటి రాసి, పది, ఇంటరు లేకుండనే ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీ చదివి పాసయిండు. డిగ్రీ మీద మూడేండ్ల లా సీటు వచ్చింది. మేడం ఆయన్ని గూడ అదే మాటతోని పంపింది.

ఇద్దరం ఒకే రైల్ల తిరిగొచ్చినం. నేను దిగేది రామగుండం, ఆయన బెల్లంపల్లి దాక పోవాలె. దారిపొడుగునా ఆయన యూనియన్ ముచ్చట్లు చెప్పిండు, కార్మికుల కేసులు చెప్పిండు. చట్టం మీద నాకంటె ఆయనకే ఎక్కువ పట్టున్నది. దిగేటప్పుడు, "అన్నా, ఆ రూలు ఏందో రేపు చూసి ఫోన్ చేస్త" అన్న.

తెల్లారి కోర్టు తెరవంగనే వకీలు సారు ముందటికి పోయిన. సంగతంతా విని ఆయన, "నేనే చెబుదామనుకున్ననమ్మా. ఓపెన్ చదువు లా కు పనికిరాదు. ఎందుకు తిప్పలు?" అన్నడు.

"ఎక్కడ రాసుంది సార్?"

"నియమాలల్ల ఉంది."

"చూపియ్యుండ్రి సార్. చదువుత."

నన్ను ఒకసారి చూసి, బీరువాల నుంచి లా చదువుల నియమాల పుస్తకం తీసిండు. వేలు పెట్టి చదువుకుంట పోయిండు. చదివేకొద్దీ వేలు నిదానమైంది. దూరవిద్యల చదివిన ఇంటరు గాని డిగ్రీ గాని చెల్లుతదని ముందుగాల్నే ఉంది. చెల్లనిది ఏదంటే, కింది చదువు లేకుండ నేరుగ ఓపెన్ల ఇంటరో డిగ్రీనో తెచ్చుకున్నది. నాకు పది ఉంది. పది మీద ఇంటరు ఉంది. నేను నేరుగ దుంకలె, ఒక్కొక్కటి ఎక్కిన.

సారు పుస్తకం మూసిండు. "ముప్పై ఏండ్లయింది నేను కోటు వేసుకొని. ఈ వాక్యం మొత్తం ఇయ్యాల్నే చదివిన" అన్నడు. తర్వాత ఆయనే ఆ పేజీ జిరాక్సు తీసుకరమ్మన్నడు, తన చేతితోని ఆ రెండు వరుసల కింద గీత గీసిండు.

నాకు సంబురం కాలె. ఎందుకంటే ఆ గీత కింద గోలేటి అన్న ఉన్నడు. నన్ను లోపలికి తీస్కపోయే వాక్యమే ఆయనను బయట నిలబెడ్తది. ఫోన్ చేసి చెప్పిన. ఆ రెండు వరుసలు మల్లొకసారి చదివిపిచ్చుకొని విన్నడు. "సరే చెల్లె. రేపు నేను గూడ వస్త. నాకు లేదంటె లేదని కాగితం మీద రాసియ్యమంట" అన్నడు.

ఆఖరి రోజు. అదే బల్ల, అదే మేడం. నన్ను చూసి, "నీకు మొన్ననే చెప్పిన గదా" అన్నది. నేను అడగకుండనే కుర్చీ గుంజుకొని కూసున్న. నా పదో తరగతి మెమో, ఇంటరు మెమో, ఆ జిరాక్సు పేజీ మూడూ ఆమె ముందు పరిచిన.

"ఇది చదువుండ్రి మేడం. చదివినంక గూడ నాకు సీటు లేదంటె, ఏ నియమం కింద లేదో రాసి సంతకం పెట్టియ్యుండ్రి. పోత."

"రాసియ్యడం మా పని కాదు."

"ఆపుడు మీ పనైతే, రాసుడు గూడ మీ పనే."

వెనక లైన్ల ఎవలో నవ్విన్రు. నేను జిరాక్సు పేజీ ఆమె దిక్కు ఇంకింత జరిపిన. మేడం లేచి లోపలికి పోయి ప్రిన్సిపాలును తోలుకొచ్చింది. ఆయన నిలబడే పేజీ చదివిండు. రెండు మెమోల మీద సంవత్సరాలు చూసిండు. "పది ముందు, ఇంటర్ తర్వాత. రెండూ ఒకేసారి కాదు కదా?"

"కాదు సార్. రెండేండ్లు తేడా."

"తీసుకోండి" అన్నడు మేడంతోని.

గంతే. రెండు నిమిషాలు గూడ పట్టలె. ఆ రెండు నిమిషాలే నాకు మంట పెట్టినయి. "సార్, మొన్న నా ముందు ఒక అమ్మాయి మెమో వాపసిచ్చిన్రు. ఆమెది గూడ ఓపెనే. ఇయ్యాల సాయంత్రం దాకనే టైముంది. ఫోన్ చేస్తరా?" ఆయన విసుగ్గ చూసిండు గాని చేపిచ్చిండు. ఆ అమ్మాయి జనగామ నుంచి ఉరుక్కుంట వచ్చింది, కాలేజి గేటు మూసే ముందు. ఇప్పుడు క్లాసుల నా పక్కనే కూసుంటది.

అన్న వంతు వచ్చింది. ప్రిన్సిపాలు ఆయన డిగ్రీ చూసి, "పది, ఇంటర్?" అని అడిగిండు. "లెవ్వు సార్. అర్హత పరీక్ష రాసి డిగ్రీ చదివిన. డిగ్రీ ఇచ్చింది యూనివర్సిటీయే గదా?" తల అడ్డంగ ఊపిండు ప్రిన్సిపాలు. అన్న మాటల తప్పు లేదు, ప్రిన్సిపాలు దిక్కు గూడ నియమం ఉంది. లేదన్నది కాగితం మీద రాసియ్యమని అన్న అడిగిండు. ఈసారి మేడం రాసి సంతకం పెట్టిచ్చింది.

బయటికొచ్చినంక నేను చేసిన తప్పు ఒకటుంది. ఓదార్చుదామని, "అన్నా, ఓపెన్ల పది, ఇంటరు రాయి. మూడు నాలుగేండ్లల్ల అయిదేండ్ల కోర్సుకు రావచ్చు" అన్న. ఆయన ఆగి నా దిక్కు చూసిండు.

"డిగ్రీ పాసైనోన్ని మల్ల పదో తరగతి రాయమంటున్నవా? నువ్వు గూడ గదే అంటున్నవా చెల్లె?"

ఒక్క గంట ముందు నన్ను చులకన చేసిన బల్ల కాడ కొట్లాడి, లోపలికి పోంగనే నేను గూడ బల్ల అవుతల కూసున్నట్టు మాట్లాడిన. "తప్పయిందన్నా" అన్న. ఆయన పట్టించుకోలె, చాయ తాగుదాం రమ్మన్నడు.

ఆ తర్వాత ఆయన ఆ కాగితం పట్టుకొని హైకోర్టుకు పోయిండు. పిటిషను నేనే టైపు చేసిన, వకీలు సారు దిద్దిండు. సర్కారు కొలువుకు చెల్లే డిగ్రీ, పై చదువుకు చెల్లే డిగ్రీ, లా కు ఎందుకు చెల్లదని అడుగుతున్నం. బతుకుదెరువు కోసం బడి మానినోడు ఏ మెట్టు కాడ నుంచి మొదలుపెట్టాలెనో చెప్పేది ఎవలని అడుగుతున్నం. కేసు ఇంకా నడుస్తనే ఉంది.

నేను మూడో ఏడు చదువుతున్న. పొద్దున రైలు, సాయంత్రం రైలు, సెలవు దినాలల్ల షాపుల టైపు. క్లాసుల మొదటి రోజు ఒకరినొకరు పరిచయం చేసుకుంటుంటే ఏ కాలేజిల ఇంటరు చదివినవని అడిగిన్రు. "ఓపెన్" అన్న, గదిల ఆఖరి బెంచికి గూడ వినపడేటట్టు. ఒప్పందాల చట్టం పుస్తకం మాత్రం నా దగ్గర ఉండదు, గోలేటిల ఉంటది. అన్న షిఫ్టు దిగినంక చదువుతడు. పరీక్ష ముందు నాకు అర్థం కానిది ఆయన ఫోన్ల చెప్తడు.

పోయిన నెల వాయిదాకు నేను గూడ హైకోర్టుకు పోయిన. మా కేసు వంతు వచ్చేసరికి టైమైపోయింది, మల్ల వాయిదా పడ్డది. మెట్లు దిగుతుంటే అన్న అడిగిండు, "చెల్లె, నీ కోర్సు ఇంక ఎన్నేండ్లున్నది?"

"రెండేండ్ల పైన. ఎందుకన్నా?"

"అప్పటిదాక ఇది తెగకపోతే నువ్వే వాదించాలె గద."

"అప్పటిదాక నడుస్తదా అన్నా?"

"నడిస్తే నడవనియ్. నేను యాడికి పోత?" అనుకుంట బస్సు కోసం చెయ్యెత్తిండు.