వేరు చూసే బయ్యన్న

బయ్యన్న మా ఇంట్లో చంపిన మొక్కల పేర్లు చెప్పమంటే ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. మల్లె, కనకాంబరం, మందారం, కరివేపాకు, ఆఖరికి తులసి. తులసిని కూడా వదల్లేదు మహానుభావుడు. అయినా మా వీధిలో ఎవరైనా ఆయన్ని ఒక్క మాట అంటే ఊరుకోను. అనాలంటే నేనే అనాలి.

నాది బట్టలు కుట్టే పని. కదిరిలో రైల్వే స్టేషనుకు పోయే దారిలో చిన్న కొట్టు ఉంది. జాకెట్లు, లంగాలు, బడి పిల్లల యూనిఫారాలు కుడతాను. పెళ్ళయిన దగ్గర్నుంచి అద్దె ఇళ్ళలోనే కాలం గడిచింది. ఆ ఇళ్ళ ఓనర్లందరికీ ఒకటే జబ్బు. గోడకు మేకు కొట్టనివ్వరు, వాకిట్లో మొక్క పెట్టనివ్వరు, నీళ్ళు పారితే పునాది కదులుతుందంటారు. చివరికి అప్పో సప్పో చేసి ఊరి బయట మేమూ ఒక ఇల్లు కట్టుకున్నాం. వాకిలి ముందు నాలుగు మంచాలు వేసేంత నేల మిగిలింది. మా ఆయన నాగేశ్వర అక్కడ రేకులు వేసి ఆటో పెట్టుకుంటానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆటో వీధిలో పడుకుంటుంది, మల్లెచెట్టు పడుకోదు కదా అన్నాను. కదిరి మల్లెపూలకు ఎక్కడెక్కడో పేరుంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగి, మూరలెక్కన పూలు కొనుక్కుని పెట్టుకోవడం నాకు నామోషీగా ఉండేది.

మట్టి పని నాకు రాదు. మనిషి కోసం వెతుకుతున్నానని, నా కొట్లో హుక్కులు, కాజాలు కుట్టే మారెక్క విన్నది.

"మా ఇంటాయన ఉండాడు గదక్కా, తోటపని చేస్తాడు" అంది.

"బాగా చేస్తాడా?"

"కష్టపడతాడు."

నేను అడిగినది ఒకటి, ఆమె చెప్పినది ఒకటి అని అప్పుడే గమనించి ఉండాల్సింది.

అలా వచ్చాడు బయ్యన్న. సన్నగా, పొడుగ్గా, తలకు తువ్వాలు చుట్టుకుని, గేటు తీయకుండానే లోపలి నేలను తేరిపార చూశాడు. వాళ్ళది తనకల్లు దగ్గర పల్లె. వానను నమ్ముకుని వేరుశనగ వేసిన కుటుంబం. వేసిన బోరు వేసినట్టే ఎండిపోతే, చేను బీడు పెట్టి మారెక్కతో కదిరికి వచ్చేశాడు. నేల తవ్వడంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. పాదు తీశాడంటే, నేను జాకెట్టు మెడకు గీసే గీతంత గుండ్రంగా వచ్చేది. రాళ్ళన్నీ ఏరి గోడవార పేర్చాడు. మొదటి రోజు చూసి మురిసిపోయాను.

ఆషాఢంలో నాటిన మొక్కలు దసరా నాటికి ఒక్కటీ మిగల్లేదు. ఒక్కసారిగా పోయినా బాగుండేది. రెండాకులు వేసినట్టే వేసి, మెడ వాల్చేసి, ఎండిపోయేవి. నేను వేపపిండి వేశాను. పులిసిన మజ్జిగ పోశాను. ఆటో కడిగిన సబ్బునీళ్ళు ఇటే వదులుతున్నావని నాగేశ్వరతో పోట్లాడి రెండు పూటలు మాటలు మానేశాను. పాపం, ఆయన ఆటో కడిగేదే పండక్కి. దిష్టి తగిలిందేమోనని గుమ్మడికాయ కూడా కట్టాను. బయ్యన్న నాకంటే ఎక్కువ దిగులుపడేవాడు. ఎండిన మొక్క పక్కన గొంతుకూర్చుని, "ఎందుకు పోయినాదో తెలీలేదమ్మా" అనేవాడు. చూస్తే జాలేసేది.

ఒకరోజు కరెంటు పోయి కుట్టుపని ఆగిపోతే మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. గేటు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. బయ్యన్న కొత్తగా తెచ్చిన కనకాంబరాన్ని మొదలు పట్టుకుని మెల్లగా పైకి లాగాడు. వేరుకున్న మన్ను ఉఫ్‌మని ఊదాడు. వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్ళీ గుంటలో పెట్టి, మన్ను అదిమి, నీళ్ళు పోసి, పక్కనున్న మల్లె దగ్గరికి జరిగాడు.

"ఏం చేస్తాండావు బయ్యన్నా?"

ఆయన ఉలిక్కిపడలేదు. తప్పు చేస్తున్నానన్న ఆలోచన ఉంటే కదా ఉలిక్కిపడడానికి.

"ఏరు పట్టిందేమో చూస్తాండానమ్మా."

"రోజూ చూస్తాండావా?"

"రోజూ యాడ చూస్తా. వచ్చినప్పుడంతా చూస్తా."

ఆయన వచ్చేది రోజు మార్చి రోజు.

"చూడందే ఎట్ల తెలుస్తాదమ్మా? పైన ఆకు పచ్చగానే ఉంటాది. కింద ఏముండాదో యారికి తెలుసు?" అన్నాడు, నాకు నచ్చజెబుతున్నట్టు.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. వేరుశనగ రైతులు చేలో తిరుగుతూ అక్కడొక చెట్టు, ఇక్కడొక చెట్టు పీకి చూస్తారు. ఊడలు దిగాయా, కాయ ఊరిందా అని. చేనంతా చెట్లే కాబట్టి, పీకినది పోయినా లెక్క లేదు. ఈ మనిషి ఆ అలవాటును తనకల్లు నుంచి మోసుకొచ్చి నా వాకిట్లో దించాడు.

నాకు నోరు ఎక్కువని కొట్టుకు వచ్చే వాళ్ళందరికీ తెలుసు. ఆ రోజు వీధికంతా తెలిసింది. "ఇది చెనిక్కాయ చేను గాదు బయ్యన్నా. పీకి చూసేదానికి నాకుండేది ఒక్కొక్క చెట్టే. నా ఇంటి మీద నువ్వేం పగ పట్టినావు? రేపటి నుంచి రావద్దు" అన్నాను. ఆయన పార కడిగి గోడకు ఆనించి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

మరునాడు మారెక్క పనికి వచ్చింది. మొగుడి తరఫున బతిమాలుతుందేమో, ఏం చెప్పాలా అని నేను మాటలు కూర్చుకుంటున్నాను. ఆమె ఆ ఊసే ఎత్తకుండా హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంది. నేనే ఉండబట్టలేక కదిపాను.

"నువ్వు పంపించింది మంచి పనేలేక్కా" అంది. "ఈ ఊర్లో ఆయప్పను పిలిచే ఇల్లు నీదొక్కటే మిగిలుండె. మా పల్లె ఓబిలేష్ బెంగుళూర్లో పెద్ద బిల్డింగు కాడ వాచ్‌మెన్ పని చూస్తానన్నాడు. నరసింహసామి తేరుకు వస్తాడంట. అప్పుడు తోలుకొని పోతాడు."

"నువ్వూ పోతావా?"

"ఒక్క మనిషికే చోటంట. మెట్ల కింద గది."

దారం కొరికి, సూది జాకెట్టుకే గుచ్చింది. తర్వాత తనంతట తానే చెప్పింది. వాళ్ళు చివరిసారి పంట పెట్టిన ఏడాది వాన బాగా పడిందట. చేను మోకాలెత్తు లేచిందట. దారిన పోయేవాళ్ళంతా నిలబడి, బయ్యన్న చేను చూడండప్పా అన్నారట. దిష్టి తగులుతుందని, ఇంత బాగున్న చేలో చెయ్యి పెట్టకూడదని బయ్యన్న ఆ ఒక్క ఏడాదీ చెట్టు పీకి చూడలేదు. కోతకు మనుషుల్ని పిలిచి పెరికిస్తే కింద కాయ లేదు. ఉన్నదంతా తాలు.

"ఆ పొద్దు నుంచి దేన్నీ నమ్మడక్కా. పొయ్యి మీద అన్నం పెడితే మూత తీసి తీసి చూస్తాడు. ఏ పొద్దూ సరిగా ఉడకదు. నా చేతివాసి పోయింది మారెక్కా, ఇంక నా చేతిలో ఏదీ బతకదు అంటాడు."

నా కోపమంతా అక్కడితో పోయిందని చెప్పను. సగం పోయింది. మిగతా సగంతోనే ఆయన్ని పిలిపించాను. నేను పని నేర్చుకునే రోజుల్లో చేతులు తారుమారుగా కుట్టి ఒక జాకెట్టు పాడు చేస్తే, నాకు నేర్పినామె దాన్ని వేరే వాళ్ళకు ఇవ్వలేదు. నా చేతే విప్పించి, కుదిరే దాకా నా చేతే కుట్టించింది. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

"చెడగొట్టింది నువ్వు. నువ్వే బాగు చెయ్యాల. మల్లె మళ్ళీ నాటు. మొదట్లో మాత్రం చెయ్యి పెట్టగూడదు" అన్నాను.

బుద్ధిగా తల ఊపాడు. అంటుమల్లె తెచ్చి నాటాడు. నాలుగు రోజులు పోయాక చూస్తే పాదులో మన్ను వదులుగా ఉంది.

"పీకినావా?"

"సగమే లాగినానమ్మా."

ఇక ఈ మనిషి చేతుల్ని ఆపడం నా వల్ల కాదని అర్థమైపోయింది. అరిస్తే ఆగేవి కావు. ఇంట్లోకి వెళ్ళి, పసుపు గుడ్డ చింపి, అందులో రూపాయి బిళ్ళ పెట్టి ముడి వేశాను. బయ్యన్న చూస్తుండగా ఆ ముడుపు మల్లె మొదలుకు కట్టాను. కట్టి, కొండంత గొంతుతో మొక్కుకున్నాను. "నరసింహసామీ, ఈ చెట్టు నీది. మొదటి పూలు నీకే. అంతవరకూ దీని ఏరు ఎవరూ చూడరు."

బయ్యన్న చటుక్కున చేతులు వెనక్కి తీసుకుని చెంపలు వేసుకున్నాడు. కాసేపటికి నా వైపు చూసి, "దేవుని పేరు చెప్పి నా చేతులు కట్టేసినావు గదమ్మా" అన్నాడు.

"కట్టేసినా. నీళ్ళు పొయ్యి."

నిజం చెప్పాలంటే మొక్కు ఉత్తుత్తిది కాదు. నా భక్తి నాకుంది. ఒక్క మొక్కుతో రెండు పనులు జరిగితే సామి కాదంటాడా.

ఆ తర్వాత ఆయన పడిన అవస్థ చూడాలి. మల్లె ముందు గొంతుకూర్చుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, దాన్నే చూసేవాడు. "ఆకు కొంచెం వాలినట్టు లేదా అమ్మా?" అనేవాడు. లేదంటే నమ్మడు, అవునంటే అన్నం తినడు. పాదు సరిచేసినదే సరిచేసేవాడు. చెట్టుకు కాపలా మనిషిని పెట్టావా, మనిషికి కాపలా చెట్టును పెట్టావా అని నాగేశ్వర నన్ను ఆటపట్టించాడు. పక్కనే నాటిన మందారానికి ముడుపు కట్టలేదు కాబట్టి అది ఆ నెలలోనే పోయింది.

మల్లె మాత్రం పోలేదు. సంక్రాంతి చలికి కాస్త ముడుచుకున్నా, మాఘం వచ్చేసరికి చిగురు మీద చిగురు వేసింది. మోకాలెత్తు లేచి గుబురుగా కమ్ముకుంది. వీధిలో వాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. చూసి, బాగా వచ్చిందే అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా బయ్యన్న ముఖం మాడిపోయేది. ఎందుకంటే మొగ్గ లేదు. అంత చెట్టుకు వెతికినా ఒక్క మొగ్గ లేదు.

తేరు దగ్గరపడింది. బెంగళూరు పోయినవాళ్ళు ఒక్కొక్కరే ఊళ్ళకు దిగుతున్నారు. ఓబిలేష్ కూడా వచ్చాడని, తేరు మరునాడే ప్రయాణమని మారెక్క చెప్పింది. ఆ సాయంత్రం బయ్యన్న పాదు దగ్గర కూర్చుని, చెట్టును చూస్తూనే నాతో అన్నాడు.

"ఇదీ అట్లనే పచ్చగా ఉండాదమ్మా. నాకు భయమైతాంది."

ఏదో ఒకటి అని కసరబోయాను గానీ నాకూ భయం వేసింది. మల్లెపూలు లేకపోతే కొనుక్కుంటాను, ఇన్నేళ్ళూ కొనుక్కోలేదా. ఇది కూడా ఆకులతోనే ఆగిపోతే మాత్రం ఈ మనిషి ఇంకెప్పుడూ ఏదీ నాటడు. మెట్ల కింద గదిలో, తనది కాని గేటు తీస్తూ మూస్తూ కూర్చుంటాడు. మారెక్క ఇక్కడ ఒక్కతే వండుకుని తింటుంది. ఆ రోజు నేను దేవుడి ముందు దీపం పెట్టి, మొక్కు సంగతి కాస్త గట్టిగానే గుర్తుచేశాను.

తేరుకు వారం ముందు, నేను పళ్ళు తోముకుంటూ వాకిట్లోకి వస్తే బయ్యన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆ రోజు ఆయన రావలసిన రోజు కాదు. పిలవలేదు, లేవలేదు. దగ్గరికి వెళితే వేలు చాపి చూపించాడు, ఆ వేలు కూడా ఆకుకు జానెడు దూరంలోనే ఆపి. కొమ్మ చివర పచ్చటి మొగ్గలు, బియ్యపు గింజలంత ఉన్నాయి. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నా నోట్లో ఎటూ పేస్టు ఉంది.

తేరు రోజుకు గుప్పెడు పూలు విచ్చాయి. అరటాకులో చుట్టుకుని నలుగురం వెళ్ళాం. జనం తోపులాటలో తేరు మీదికి అందరూ దవనం, మిరియాలు విసురుతున్నారు. పూలు బయ్యన్న చేతికిచ్చాను. ఆయన తువ్వాలు నడుముకు చుట్టుకుని, జనం మధ్యలోకి దూరి, తేరు దగ్గరపడ్డాక బలంకొద్దీ విసిరాడు. ఎన్ని దేవుడిదాకా పోయాయో, ఎన్ని జనం నెత్తిన పడ్డాయో నాకు తెలియదు. మారెక్క నా భుజం పట్టుకుని ఏడ్చింది. మొగుణ్ణి నేను పనిలోంచి తీసేసినప్పుడు కూడా ఏడవని మనిషి.

"ఇన్నేండ్లకు ఆయప్ప చేతిలో ఒకటి బతికిందక్కా" అంది.

మరునాడు పొద్దున బయ్యన్న మల్లెకు నీళ్ళు పోస్తుంటే ఓబిలేష్ సంచి తగిలించుకుని మా గేటు దగ్గరికే వచ్చాడు.

"ఏమన్నా, ఇంకా ఈడే ఉండావు? బస్సుకు టైమైతాంది, నడువు."

"నేను రానప్పా" అన్నాడు బయ్యన్న, చెంబు కింద పెట్టకుండానే.

"రావా? ఆడ మాట ఇచ్చి పెట్టినాను గదన్నా. ఈడ నీకేముండాది?"

"ఈడ నాకు చెట్టుండాది."

ఓబిలేష్ మల్లె వైపు చూసి, ఇంటి వైపు చూసి, చివరికి నా వైపు చూశాడు. ఆ నేల నాది. చెట్టు నాది, ముడుపు నాది, రోజూ ట్యాంకులో నీళ్ళన్నీ దానికే పోస్తున్నానని మొగుడితో తిట్లు తిన్నదీ నేనే.

"అవునప్పా, ఆయన చెట్టే" అన్నాను.