టేపు మాస్టారి ఆఖరి ప్రశ్న

సరదాకి కార్ల పందేల్లో దిగేవాళ్ళంతా హెల్మెట్ కోసం ఆయన కొట్టుకే వస్తారు. అందరూ టేపు మాస్టారు అంటారు. కనుబొమలకు కాస్త పైన టేపు చుట్టి తల కొలుస్తారు. హెల్మెట్ తొడిగాక దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి, నుదుటి చర్మం కూడా దానితోపాటు కదులుతోందో లేదో కళ్ళు చికిలించి చూస్తారు. తర్వాత పావుగంట అలాగే కూర్చోబెడతారు. బుగ్గలు బిగుతుగా ఉండాలి గాని ఎక్కడా నొప్పి పుట్టకూడదంటారు. ఇంతా అయ్యాక, పెట్టెలో పెట్టి ఇచ్చే ముందు ఒక్కటి అడుగుతారు: "మళ్ళీ జుట్టు ఎప్పుడు కత్తిరించుకుంటారు?"

మొన్న ఒత్తైన ఉంగరాల జుట్టున్న డ్రాయింగు టీచరొకాయన, జుట్టులోకి వేళ్ళు పోనిస్తూ నవ్వేశాడు. "హెల్మెట్ కొంటే క్షవరం కూడా చేస్తారా మాస్టారూ?"

మాస్టారు నవ్వలేదు. "కత్తిరించుకుని రండి, మళ్ళీ కొలుస్తాను. మా తమ్ముడికీ మీలాగే బోలెడు జుట్టు. దానిమీదే కొలిచి ఇచ్చాను. అతికినట్టు సరిపోయింది. పందెం ముందురోజు వాడు జుట్టు కత్తిరించుకున్నాడు. కారు పల్టీ కొట్టినప్పుడు హెల్మెట్ ఒకచోట పడింది, వాడొకచోట పడ్డాడు."

టీచరు జుట్టులోంచి చెయ్యి తీసేశాడు. "మీరు మాత్రం ఏం చేస్తారు? అతను కత్తిరించుకుంటాడని మీకెలా తెలుస్తుంది?"

మాస్టారు టేపును వేలికి చుట్టుకుని, మళ్ళీ విప్పారు.

"నేనే పంపాను," అన్నారు. "ఫొటోలు తీస్తారు, కాస్త మనిషిలా కనబడరా అని."