జుక్కల్ కప్పలు, మా కాలువ కప్పలు

"అవ్వా, రోకలి కింద పెట్టు! గవి మన కప్పలు కావు, కిరాయికుండే అక్కయి!" అనుకుంట గల్లీల ఉరికిన.

మా అవ్వ ఆగుతదా! భుజం మీద రోకలి, దానికి వేపమండలు, నడుమ మూటల కప్పలు. ఆడోళ్ళు బిందెలతోని నీళ్ళు పోస్తున్నరు. మిరుగం కార్తె ఎల్లిపాయె, వాన చుక్క పడలే. కప్పతల్లి ఆడకుంటే వాన ఎట్లొస్తదని అవ్వ పట్టు.

నా ఫికర్ ఏరే. మా మీది అర్రల ఉండే ఆ అక్క కప్పల మీదనే చదువుతది. జుక్కల్ దిక్కు నీళ్ళు లేని చెలకల కప్పలు, మా కాలువ మడుల కప్పలు ఒక్క జాతే గానీ కాళ్ళ బొక్కలల్ల, పుట్టుక జీన్లల్ల ఏమన్న ఫరక్ ఉన్నదా అని చూస్తుంది. ఇక్కడియి ఒక బకీట్ల, అక్కడియి ఒక బకీట్ల. కావలి నేను. కలిసినయంటే ఎండల వడి ఆమె తిరిగిందంత నీళ్ళపాలే. అవ్వ రెండు బకీట్లు ఒక్క మూటల కుమ్మరించింది!

ఎట్లనో అవ్వ నడుముకెళ్ళి మూట గుంజుకొని, ఇంటికి తెచ్చి విప్పంగనే అన్ని దుంకినయ్. మంచం కిందొకటి, బియ్యం డబ్బ ఎనుకొకటి. అక్క మొకం సూడలేకపోయిన.

"కాళ్ళు కొల్వు అక్కా. పొట్టియి జుక్కల్‌కి, పొడుగుయి మనకు."

"నేను తేల్చాల్సిందే గది గదా చెల్లె! దాంతోనే ఏరితే ఇగ పరీక్షేముంది?"

ఎనుకనే వచ్చిన అవ్వ నవ్వింది. "ఈ పొల్ల అమ్మది జుక్కలే, పొట్టి కాళ్ళే. మరి దీన్ని ఏ బకీట్ల ఏస్తవ్ బిడ్డా?"

అప్పుడు యాదికొచ్చింది. కప్పలు ముద్దుగున్నయని రోజు ఫోటోలు తీసి స్టేటస్ పెట్టేదాన్ని, "మా జుక్కల్ చుట్టాలు" అని రాసి! ఏ కప్ప వీపు మీది మచ్చలు దానివే. ఫోన్ల చూసుకుంట, పట్టుకుంట, మచ్చలు కలిసినయి జుక్కల్ బకీట్ల, కలవనియి మన బకీట్ల ఏసినం. అక్క నా నెత్తి మీద ముద్దు వెట్టింది. అవ్వ మాత్రం మూతి ముడుచుకున్నది, ఆట నడుమల ఆగిపాయెనని.

తెల్లారి కాలువ గట్టుకు పోయి బంకమట్టి తెచ్చి కప్పను చేసిన. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. రోకలికి కట్టి, "నడువ్ అవ్వా" అని ముంగట నేనే నడిచిన.