కరకట్ట మీద మినుము కట్టె

మా ఆవిడ ఎడమ కాలికి మోకాలి దాకా సిమెంటు కట్టు. బందరులో మేముండే అద్దె ఇంటి మెట్ల మీద జారి, చీలమండ విరిగి అప్పటికి ఆరు వారాలు. ఆ శనివారం మధ్యాహ్నం మూడింటికి విజయవాడలో కట్టు కోస్తామని డాక్టరు చెప్పారు. హైవే మీద వెళ్తే రెండు గంటల్లోపు ప్రయాణం. కానీ ఆరు వారాలు ఒకే కిటికీలోంచి ఎదురింటి వాటర్ ట్యాంకు చూసిన మనిషి సముద్రం పక్క నుంచి వెళ్దామంది.

"హంసలదీవి మీదుగా పోదామండీ. అక్కణ్ణుంచి అవనిగడ్డ వచ్చి కరకట్ట ఎక్కేస్తే బెజవాడే. కట్టు తీయించుకుని గవర్నర్‌పేటలో చెప్పులు కొనుక్కుంటా. రెండు చెప్పులు."

నాది మెకానికల్ ఇంజినీరింగు. ఏ పనికైనా ముందు జాబితా రాసుకుంటాను. టైర్లలో గాలి, కూలెంటు, స్టెప్నీ, ఎక్స్‌రే కవరు, కాలి కింద పెట్టడానికి రెండు దిళ్లు, వెనక సీట్లో చంక కర్రలు. మాది సీఎన్‌జీ కారు, సిలిండర్ డిక్కీలో ఉంటుంది. దాని పరీక్ష గడువు కూడా చూశాను. ఇంకా పద్దెనిమిది నెలలుంది.

ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు, మధ్యలో ఎక్కడో సముద్రం గీతలా కనబడి మళ్లీ పోయేది. హంసలదీవి దగ్గర ఇసుకలోకి దిగకుండా రోడ్డు చివరే కారు ఆపాను. తలుపు తెరిచి, కాలు దిళ్ల మీద పెట్టుకుని అరగంట సముద్రం చూసింది. నేను టైము చూసుకుంటున్నానని గమనించి, "సరే, పదండి" అంది.

అవనిగడ్డ దాటి కరకట్ట ఎక్కాం. కృష్ణకు వరద వస్తే ఊళ్ల మీద పడకుండా వేసిన ఎత్తైన మట్టి కట్ట అది. పైన సన్నటి తారు రోడ్డు, ఎడమ పక్క నది, కుడి పక్క అరటి తోటలు. రెండు వైపులా వాలే. అది మినుము పీకే కాలం. మా వైపు రైతులు ఎండిన మినుము మొక్కల్ని, అదే మినుము కట్టెను, తెచ్చి రోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. నూర్పిడికి వేరే కళ్లం అక్కర్లేదు. మొదటి రెండు చోట్ల నెమ్మదిగా దాటాను. మూడో చోట కట్టె తిరగేసే పంగలకర్ర పట్టుకుని ఉన్న పెద్దావిడ, "తొక్కుకుంటూ పో బాబూ" అని చెయ్యి ఊపింది.

సరిగ్గా ఆ కట్టె మధ్యలోకి వెళ్లాక ఎదురుగా బస్సు వచ్చింది. దానికి దారివ్వడానికి ఎడమ అంచుకు తీసి ఆపాను. బస్సువాడు వెనక్కీ ముందుకీ జరుపుతున్నాడు. ఏసీ కోసం ఇంజిన్ ఆపలేదు. కారు కింద ఖాళీ నూట డెబ్బై మిల్లీమీటర్లు, కట్టె అంతకన్నా మందంగా ఉంది. సైలెన్సర్ గొట్టం ఎంత వేడెక్కుతుందో నాకు తెలుసు. కాలేజీలో కొలిచాను కూడా. ఆ రెండూ కలిపి ఆలోచించలేదు.

బస్సు వెళ్లాక కదిలాం. వంద మీటర్లు పోయామో లేదో మా ఆవిడ అంది: "ఏదో మాడుతోందండీ."

"క్లచ్ అయ్యుంటుంది."

"క్లచ్ వాసన కాదిది. ఆపండి."

"పొలాల్లో తగలబెడుతున్నారేమో. ఇక్కడ పక్కకు తీసే చోటు లేదు, ఆపకూడదు."

"మీరు తర్వాత లెక్కేసుకుందురు గానీ ముందు ఆపండి."

ఇంకో కారణం వెతుకుతూ మరో వంద మీటర్లు నడిపాను. అప్పుడు బానెట్ అంచుల్లోంచి పొగ లేచింది. కుడి అద్దంలో, కారు కింద నుంచి ఎర్రగా ఏదో నేల మీద రాలడం చూశాను.

ఆపాను. తలుపు తీశాను. పరుగెత్తాను.

ఇది మామూలుగా ఎవరికీ చెప్పను. సిలిండర్‌కు వేడి తగిలితే దానంతట అదే గ్యాసు వదిలే వాల్వు ఉంటుందని తెలుసు. తెలిసినదేదీ కాళ్ల దాకా రాలేదు. పైగా ముందువైపుకే పరుగెత్తాను, సిలిండర్ వెనక ఉంది కాబట్టి. అంత భయంలోనూ ఆ లెక్క మాత్రం కుదిరింది. పదీ పన్నెండు అడుగులు వేశాక, ఆవిడ కాలు గుర్తొచ్చింది.

వెనక్కి తిరిగితే ముందద్దం మీద ఎండ పడి లోపల ఏమీ కనబడలేదు. ఆవిడ వైపు తలుపు నది వాలు మీదికి తెరుచుకుంటుంది, కాలు ఆనడానికి చోటు లేదు. తలుపు తీసేసరికి బెల్టు విప్పుకుని, కట్టు కాలిని రెండు చేతులతో బయటికి తోసుకుంటోంది. చంకల కింద చేతులు వేసి లాగాను. బరువు ఆగక ఇద్దరం వాలులో కూలబడ్డాం. ఈలోపు, పొగ చూసి అప్పటికే బయల్దేరిన ఆ పెద్దావిడ, మరో ఇద్దరు ఆడవాళ్లు పరుగున వచ్చి మా ఆవిడను ఎత్తి దూరంగా మోసుకెళ్లారు.

"బండి డొక్కలోంచి పీకండే" అని పెద్దావిడ కేకేసింది. పంగలకర్రలతో కారు కింద మండుతున్న కట్టెను గుంజి, తట్టలతో మట్టి పోశారు. నేను వాలులోనే కూర్చుని ఉన్నాను. ఐదు నిమిషాల్లో మంట ఆరింది.

"తొక్కి పొమ్మన్నా గానీ దాని మీద కాపరం పెట్టమన్నానా?" అంది పెద్దావిడ. "ఏం చేస్తుంటావు బాబూ?"

"ఇంజినీరు" అంది మా ఆవిడ నా బదులు.

"అయ్యో" అంది పెద్దావిడ, నిజంగానే జాలిగా.

ఇంజిన్ కింది ప్లాస్టిక్ మూత కరిగింది, అంతే. అయినా ఆ తాళం మళ్లీ తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు. కారు వాళ్లకు అప్పజెప్పి, ఆటో మాట్లాడుకుని, సీటు మీద ఆవిడ కాలు అడ్డంగా చాపించి విజయవాడ చేరాం. సిటీలో ఎండ, హారన్లు, చెరుకు రసం బండ్లు. సిగ్నల్ పడ్డప్పుడల్లా ఆటోలోంచి తల బయట పెట్టి వాసన చూశాను.

ఆసుపత్రిలో కట్టు కోస్తున్న నర్సమ్మ, కాలంతా ఈ మట్టేంటమ్మా అని అడిగింది. మా ఆవిడ అంతా చెప్పింది. బస్సు, వాసన, పొగ.

"మరెట్లా దిగారండీ ఈ కాలుతో?"

"మా ఆయనే దించారు" అంది ఆవిడ, నావైపు చూసి.

ఆ చూపును చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. బయట నుంచి నాకు అద్దంలో ఎండ తప్ప ఏమీ కనబడలేదు. లోపల నుంచి ఆవిడకు రోడ్డంతా కనబడే ఉంటుంది. ఐదు నెలలైంది. ఆవిడ ఇప్పుడు మామూలుగా నడుస్తోంది. చుట్టాలకు ఈ కథ చెప్పినప్పుడల్లా అదే వాక్యం అంటుంది, నేను ఊఁ కొడతాను. నా పరుగు చూశావా అని ఇంతవరకు అడగలేదు. అడగాలంటే భయం.